ఐర్లండ్ మహా కరువు: తెగులు పాపమెంత, సర్కారు పాపమెంత

1841లో ఐర్లండ్ జనాభా 81 లక్షల 75 వేలు. పదేళ్ల తర్వాత లెక్క తీస్తే 65 లక్షల 52 వేల మందే తేలారు. ఈ రెండు లెక్కల నడుమ వచ్చింది 1845లో మొదలై 1852 దాకా పీడించిన మహా కరువు. సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకంటే ఎక్కువ మందే ఓడలెక్కి దేశం వదిలిపోయారు. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు. 2021లో ఉత్తర ఐర్లండ్‌లో, 2022లో ఐర్లండ్ రిపబ్లిక్‌లో తీసిన జనాభా లెక్కలు రెండూ కలిపినా 70 లక్షల పైన మరో యాభై వేలు, అంతే.

ఇంతటి విపత్తు మీద ఐరిష్ చరిత్రకారులు మొదటినుంచీ గుట్టలుగా పుస్తకాలు రాసి ఉంటారని అనుకుంటాం. గుట్టలు ఉన్నమాట నిజమే కానీ, వాటిలో చాలా భాగం గత నలభై ఏళ్లలో వచ్చినవే. అంతకుముందు విశ్వవిద్యాలయాల్లోని చరిత్ర విభాగాలు ఈ కరువు జోలికి పోవడానికి జంకాయి. పోయినవాళ్లు కూడా గొంతు తగ్గించి, ఆచితూచి రాశారు. బయట జనం మాత్రం ఇళ్లలో, పాటల్లో, అమెరికా వెళ్లిన బంధువుల జ్ఞాపకాల్లో కోపంగానే చెప్పుకున్నారు. పండితుల కథకీ జనం కథకీ మధ్య వచ్చిన ఈ ఎడం గురించి ఐర్లండ్‌లో దశాబ్దాల పాటు వాదులాట నడిచింది.

ఆ వాదనంతా చదివితే నాకు తోచిందేమిటంటే, "దీనికి ఎవరు బాధ్యులు" అనే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. పంట ఎందుకు పోయింది? పంట పోతే జనం ఎందుకు చావాలి? చావనిచ్చినవాళ్లు కావాలనే చావనిచ్చారా? ఒకదానికి చెప్పాల్సిన జవాబు ఇంకోదానికి చెప్పడం వల్లే సగం గొడవ.

మొదటి ప్రశ్నకు జవాబు తేలిపోయింది. ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ అనే సూక్ష్మజీవి బంగాళాదుంప ఆకుల్ని మాడ్చి, నేలలోని దుంపను కుళ్లబెడుతుంది. 1845 సెప్టెంబరులో అది ఐర్లండ్‌లో కనబడింది. ఆ ఏడాది మూడోవంతు నుంచి సగం దాకా పంట పోయింది. 1846లో దాదాపు మొత్తం పోయింది. 1847లో తెగులు తగ్గినా, విత్తనానికి దుంపలే మిగల్లేదు కాబట్టి నాటింది కొంచెమే. 1848లో మళ్లీ దెబ్బ. 2013లో జర్మనీ, బ్రిటన్ శాస్త్రవేత్తలు మ్యూజియంలలో ఎండబెట్టి దాచిన 19వ శతాబ్దపు ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసి, అప్పటి తెగులు రకాన్ని గుర్తించి హెర్బ్-1 అని పేరు పెట్టారు. ఇదే తెగులు బెల్జియం, నెదర్లాండ్స్, స్కాట్లండ్‌లలోనూ పడింది. అక్కడా జనం ఇబ్బందులు పడ్డారు, బెల్జియం, నెదర్లాండ్స్‌లో వేలల్లో చనిపోయారు కూడా. లక్షల్లో చనిపోయింది ఐర్లండ్‌లోనే. అంటే అసలు విషయం రెండో ప్రశ్నలో ఉంది.

కరువు ముందటి ఐర్లండ్‌లో భూమి ఎక్కువగా భూస్వాముల చేతిలో ఉండేది. వాళ్లలో చాలామంది ఇంగ్లండ్‌లో కాపురం. వాళ్ల దగ్గర పెద్ద రైతు కౌలుకు తీసుకుని, అందులో ముక్కలు చిన్న రైతులకిచ్చి, వాళ్లు ఇంకా చిన్న ముక్కలు కూలీలకిచ్చి, చివరికి కూలివాడికి దక్కేది ఇంటి చుట్టూ కొద్దిపాటి నేల. అంత తక్కువ నేలలో ఇంటిల్లిపాదినీ పోషించగల పంట బంగాళాదుంప ఒక్కటే. మగమనిషి రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడు, మజ్జిగ దొరికితే అదే నంజుకునేవాడు. దాదాపు 30 లక్షల మంది పూర్తిగా ఈ దుంప మీదే బతికారు, అందులోనూ లంపర్ అనే ఒకే రకం మీద. ఓట్స్ ధాన్యం, గోధుమ, పశువులు ఉండేవి కానీ అవి కౌలు కట్టడానికి. దుంప పోతే వీళ్లకు వేరే తిండి కొనే డబ్బు ఉండదు. ఎందుకంటే వాళ్ల బతుకులో డబ్బుకు చోటే తక్కువ.

అప్పుడు ఐర్లండ్ బ్రిటన్‌లో అంతర్భాగం, లండన్ పార్లమెంటే దానికీ పార్లమెంటు. 1845లో ప్రధాని రాబర్ట్ పీల్ లక్ష పౌండ్ల విలువైన మొక్కజొన్న అమెరికా నుంచి గుట్టుగా తెప్పించాడు. మొదటి ఏడాది ఆకలి చావులు పెద్దగా లేకపోవడానికి అదో కారణం. 1846 వేసవిలో పీల్ దిగిపోయి, జాన్ రసెల్ ప్రభుత్వం వచ్చింది. వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదనే సిద్ధాంతాన్ని ఈ ప్రభుత్వం గట్టిగా నమ్మింది. సహాయ ఖర్చుల తాళం ఖజానా శాఖలో చార్లెస్ ట్రెవెల్యన్ అనే అధికారి చేతిలో ఉంది. ఊరికే తిండి పెడితే జనం సోమరులవుతారని చెప్పి కరువు పనులు పెట్టించారు. 1847 మార్చి నాటికి ఏడు లక్షల మందికి పైగా ఆ చలిలో రోడ్లు వేస్తున్నారు, రాళ్లు కొడుతున్నారు. తిండి లేనివాడు ఎంత రాయి కొట్టగలడు? పని కొలిచి కూలి ఇచ్చేవాళ్లు, ఆ కూలితో పెరిగిన ధరలకు కుటుంబానికి చాలినంత తిండి వచ్చేది కాదు. ఎక్కడికీ పోని ఆ రోడ్లు కొన్ని ఇప్పటికీ పడమటి కొండల్లో కనిపిస్తాయి.

ఈ పద్ధతి పనిచేయడం లేదని తేలాక సర్కారు చేసిన పని నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు కీలకం. 1847 వసంతంలో కరువు పనులు ఎత్తేసి గంజి కేంద్రాలు తెరిచారు. ఆ జులై నాటికి రోజుకు 30 లక్షల మందికి వండి పెట్టారు. చావులు తగ్గాయి. ఖర్చు కూడా అనుకున్నదానికంటే తక్కువైంది. అంటే, ఆ కాలపు రోడ్లతో, ఆ కాలపు యంత్రాంగంతో ఆకలిని ఆపడం సాధ్యమేనని అదే ప్రభుత్వం చేసి చూపించింది. శరదృతువు వచ్చేసరికి ఆ కేంద్రాలన్నీ మూసేసింది. తెగులు తగ్గింది కదా, కరువు అయిపోయిందని ప్రకటించింది. ఇకపై పేదల భారం ఐర్లండ్‌లో పన్ను కట్టేవాళ్లదే అంటూ వర్క్‌హౌస్‌ల మీదకు నెట్టింది. కరువు ఇంకా ఐదేళ్లు ఉంది.

వర్క్‌హౌస్ అంటే నిరుపేదల్ని లోపల పెట్టి, మొగుడూ పెళ్లాం పిల్లల్ని విడదీసి, పని చేయించి తిండి పెట్టే చోటు. దేశాన్ని 130 విభాగాలు చేసి ఒక్కోదానికి ఒక్కో వర్క్‌హౌస్ కట్టారు. పేదల చట్టానికి 1847లో వచ్చిన సవరణలో ఒక నిబంధన ఉంది: పావు ఎకరం కంటే ఎక్కువ భూమి చేతిలో ఉన్నవాడికి సర్కారు సాయం అందదు. దాన్ని ప్రతిపాదించింది విలియం గ్రెగరీ అనే భూస్వామి, తర్వాత సిలోన్ గవర్నర్ అయినవాడు. తిండి కావాలంటే భూమి వదులుకోవాలి, వదిలితే గుడిసె కూడా పోతుంది. భూస్వాములకు చిన్న కౌలుదార్లను లేపేయడానికి ఇంతకన్నా సులువైన దారి దొరకదు. రోస్‌కామన్ జిల్లా స్ట్రోక్స్‌టౌన్ ఎస్టేట్ నుంచి 1847లో 1,490 మందిని ఓడలెక్కించడానికి డబ్లిన్ దాకా నడిపించి పంపారు. ఆ నవంబరులోనే ఆ భూస్వామి డెనిస్ మేహన్‌ను ఎవరో కాల్చి చంపారు. ఆ ఎస్టేట్ కాగితాలు భద్రంగా దొరకబట్టే ఈ వివరాలన్నీ ఇంత స్పష్టంగా తెలుస్తున్నాయి. 1994 నుంచి అక్కడే జాతీయ కరువు మ్యూజియం నడుస్తోంది.

జనం ఎక్కువగా అడిగే ప్రశ్న ఇంకోటుంది. జనం చస్తుంటే ధాన్యం ఇంగ్లండ్‌కు ఎగుమతి అయిందా? అయింది. 1846 చివర్లో, ఆకలి ముదురుతున్న నెలల్లో కూడా ఓడలు వెళ్లాయి. దీనికి ఆర్థిక చరిత్రకారులు చేర్చే విషయం ఏమిటంటే, 1847లో వచ్చిన మొక్కజొన్న బయటికి పోయిన ధాన్యాన్ని మించిపోయింది. పైగా పోయిన దుంపల లోటుతో పోలిస్తే ఎగుమతైన ధాన్యం చాలా తక్కువ, అది ఆపినంత మాత్రాన కరువు తీరదు. రెండూ నిజమే. కాకపోతే, మొక్కజొన్న ఓడలు వచ్చేలోపు గడిచిన ఆ చలికాలంలో ఎగుమతి ఆపి ఉంటే చాలా ప్రాణాలు నిలబడేవన్నది కూడా అంతే నిజం. సగటు లెక్క ఏడాదికి తీస్తారు, మనిషి ఆకలికి తట్టుకునేది వారాలే.

చచ్చినవాళ్లను లెక్కపెట్టడం

పది లక్షలు అని అందరం రాసేస్తాం. ఆ అంకె వెనక ఎంత కష్టం ఉందో తెలిస్తే చరిత్ర పరిశోధన మీద గౌరవం పెరుగుతుంది. ఐర్లండ్‌లో అందరి జనన మరణాలూ నమోదు చేయడం మొదలైంది 1864లో. కాబట్టి కరువు కాలపు మరణాల రిజిస్టర్ అనేదే లేదు. 1851 జనాభా లెక్కల్లో ఇంటింటికీ వెళ్లి గత పదేళ్లలో మీ ఇంట్లో ఎవరెవరు పోయారు, దేనివల్ల పోయారు అని అడిగారు. ఆ మరణాల పట్టికల్ని తయారు చేసింది డాక్టర్ విలియం వైల్డ్, రచయిత ఆస్కార్ వైల్డ్ తండ్రి. ఆయన చేసింది గొప్ప పనే. కానీ ఇంటిల్లిపాదీ పోయిన చోట, మిగిలినవాళ్లు దేశం దాటిపోయిన చోట ఎవరిని అడగాలి? కరువు ఎక్కడ ఎక్కువగా కాటేసిందో అక్కడే లెక్క ఎక్కువగా తప్పుతుంది.

అందుకని తర్వాతి పరిశోధకులు వెనక నుంచి లెక్క కట్టారు. కరువు రాకపోతే 1851 నాటికి జనాభా ఎంత ఉండేదో అంచనా వేసి, అందులోంచి అప్పుడున్న జనాభానూ వలస పోయినవాళ్లనూ తీసేస్తే మిగిలింది చావులు. చెప్పడానికి తేలిక. ఆకలిలో ఆడవాళ్లకు కాన్పులు తగ్గాయి, పుట్టని పిల్లల్ని చావుల్లో కలపాలా? అమెరికా ఓడలకైతే కొంత లెక్క ఉంది, లివర్‌పూల్‌కి వెళ్లేది ఒకే దేశంలో ప్రయాణం కాబట్టి సరైన లెక్క లేదు. 1847 ఒక్క ఏడాదిలో లివర్‌పూల్‌లో దిగిన ఐరిష్ వాళ్లు దాదాపు మూడు లక్షలు. వాళ్లలో ఎందరు అక్కడే ఉండిపోయారు, ఎందరు మళ్లీ ఓడెక్కారు? కెనడాలోని గ్రోస్ ఈల్ దీవిలో ఆ ఏడాది పాతిపెట్టిన అయిదు వేల పైచిలుకు మంది ఐర్లండ్ చావుల కింద రావాలా, వలసల కింద రావాలా? ఒక్కో జవాబుకూ ఒక్కో అంకె వస్తుంది. 1960లో కజెన్స్ అనే భూగోళ పరిశోధకుడు ఎనిమిది లక్షల పైచిలుకు అన్నాడు. 1983లో జోయెల్ మోకిర్ జిల్లాలవారీగా లెక్కేసి 11 నుంచి 15 లక్షలన్నాడు. కొన్నేళ్లకే ఫెలిమ్ బాయిల్, కోర్మాక్ ఓ గ్రాడా సుమారు పది లక్షలకు తెచ్చారు. ఇప్పుడు అందరూ వాడేది ఈ చివరి అంకెనే. ఎవరు లెక్కేసినా పడమటి జిల్లాలు మేయో, స్లైగో, రోస్‌కామన్, గాల్వేలే అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి.

ఇంటింటి ఫారాలు ఉంటే ఇంకా బాగా తేల్చొచ్చు కదా అని సందేహం రావచ్చు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదటి రోజుల్లో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలిపోయి కాలిపోయింది. 1841, 1851 ఇంటింటి ఫారాలు కొద్ది ముక్కలు తప్ప అందులోనే బూడిదయ్యాయి. ఏడు వందల ఏళ్ల కాగితాలు ఒక్క రోజులో పోయాయి. ఆ వందో ఏట, 2022లో, ట్రినిటీ కాలేజీ నేతృత్వంలో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ ఆఫ్ ఐర్లండ్ అనే ఆన్‌లైన్ భాండాగారం తెరుచుకుంది. వేరే దేశాల ఆర్కైవ్‌లలో మిగిలిన నకళ్లనూ పాత పరిశోధకులు చేతిరాతతో ఎత్తి రాసుకున్న ప్రతులనూ ఏరి, కాలిపోయిన అలమరల వరసలోనే మళ్లీ పేరుస్తున్నారు. నకలు లేని కాగితం మాత్రం ఏం చేసినా తిరిగి రాదు. అందుకే కరువు పరిశోధకులు ఇప్పుడు కాగితాల బయట కూడా వెతుకుతున్నారు.

అలా వెతికినచోట్ల ఒకటి కిల్‌కెన్నీ. 2005లో అక్కడ ఒక షాపింగ్ సెంటర్ కడుతుంటే పాత వర్క్‌హౌస్ ఆవరణలో ఎముకలు బయటపడ్డాయి. తవ్వి తీస్తే 63 గుంటల్లో దాదాపు 970 మంది. 1847 నుంచి 1851 మధ్య పూడ్చినవాళ్లు, సగం కంటే ఎక్కువ పిల్లలు. జోనీ గేబర్ అనే పరిశోధకుడు ఆ అస్థిపంజరాలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. సగం మంది దాకా స్కర్వీ గుర్తులున్నాయి. ఇది మామూలు ఆకలి గుర్తు కాదు, సి విటమిన్ లేక వచ్చే జబ్బు. దుంప తిన్నంతకాలం పేదవాడికి ఆ విటమిన్ పుష్కలంగా అందేది. దుంప పోయి మొక్కజొన్న గంజి వచ్చాక కడుపు నిండినా చిగుళ్లు కారాయి, ఎముకలు దెబ్బతిన్నాయి.

వాళ్లలో కొందరి పళ్లను 2016లో జూలియా బోమాంట్, జానెట్ మాంట్‌గోమరీ ప్రయోగశాలలో పొరలు పొరలుగా కోసి చూశారు. పన్ను ఎదుగుతున్నన్నాళ్లూ ఒక్కో పొర ఒక్కో కాలపు తిండిని తనలో దాచుకుంటుంది. మొక్కజొన్నలో ఉండే కార్బన్ తీరు దుంపలో ఉండే తీరుకు భిన్నం. దుంప మీద బతికిన పిల్లవాడి పంటి పొరల్లో మొక్కజొన్న వచ్చిన గుర్తు తెలిసిపోయింది. అంతకన్నా బాధ కలిగించేది నైట్రోజన్ రీడింగ్. తిండి లేనప్పుడు శరీరం తన కండనే కరిగించుకుంటుంది, ఆ సమయంలో నైట్రోజన్ విలువ పైకి లేస్తుంది. మొక్కజొన్న గుర్తు కనిపించేముందు ఆ విలువ పెరిగి, గంజి అందాక దిగింది. సర్కారు సాయం ఎప్పుడు వచ్చిందో, రాకముందు ఆ పిల్లవాడి ఒంట్లో ఏం జరిగిందో ఏ రిజిస్టరులోనూ లేదు, పంట్లో ఉంది. పరిశోధన పత్రంలో ఆ గ్రాఫులు చూసినప్పుడు చాలాసేపు ముందుకు చదవలేకపోయాను.

పండితులు గొంతు ఎందుకు తగ్గించారు

1848లో దేశద్రోహం కింద ద్వీపాంతర శిక్ష పడిన పాత్రికేయుడు జాన్ మిచెల్ తర్వాత రాసిన మాట ఐర్లండ్‌లో ప్రతివాడికీ తెలుసు: దుంప తెగులు పంపింది దేవుడే, కరువు చేసింది ఇంగ్లిష్ వాళ్లు. జాతీయోద్యమం ఈ మాట మీద పెరిగింది. ఇదే మిచెల్ అమెరికా వెళ్లి నల్లవాళ్ల బానిసత్వాన్ని గట్టిగా సమర్థించాడన్నది మాత్రం స్మారక సభల్లో ఎవరూ ఎత్తరు.

1938లో థియోడర్ మూడీ, రాబిన్ డడ్లీ ఎడ్వర్డ్స్ కలిసి ఐరిష్ హిస్టారికల్ స్టడీస్ పత్రిక మొదలుపెట్టారు. ఇద్దరూ లండన్‌లో పరిశోధన చేసి వచ్చినవాళ్లు. ఒకరు బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్, ఇంకొకరు డబ్లిన్ క్యాథలిక్ కాలేజీ మనిషి. ఉత్తరం బ్రిటన్ కింద ఉండిపోయి, మిగతాది విడిపోయి, దేశం రెండు ముక్కలైన చోట ఇద్దరూ కలిసి పనిచేయాలంటే ఆవేశం పక్కన పెట్టి కాగితం చూపించి మాట్లాడాలి అన్నది వాళ్ల నియమం. ఆ నియమం మంచిదే, ఐరిష్ చరిత్ర పరిశోధనకు వెన్నెముక అదే. కరువు దగ్గరికొచ్చేసరికి అదే అడ్డం వచ్చింది. ఐర్లండ్ ప్రధాని డి వలేరా కరువు శతాబ్ది సందర్భంగా 1940ల్లో సొమ్మిచ్చి ఒక గ్రంథం రాయమన్నాడు. డడ్లీ ఎడ్వర్డ్స్, డెస్మండ్ విలియమ్స్ సంపాదకత్వంలో అది బయటికొచ్చింది 1956లో, శతాబ్ది దాటిపోయాక. పాలన, వైద్యం, వలస మీద మంచి వ్యాసాలున్నాయి. ఎందరు చనిపోయారన్నది తేల్చే ప్రయత్నం లేదు. ఆకలి చావుల వాసన ఆ పుటల్లో తగలదు.

1962లో సెసిల్ వుడమ్-స్మిత్ ఇదే కరువు మీద రాసిన ది గ్రేట్ హంగర్ జనంలోకి దూసుకుపోయింది. ఆమె విశ్వవిద్యాలయం మనిషి కాదు. ట్రెవెల్యన్ ఫైళ్లు చదివి, ఆయన్నే నిందితుడిగా నిలబెట్టింది. మరుసటి ఏడాది డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ చరిత్ర విద్యార్థులకు పరీక్షలో వచ్చిన ప్రశ్న: ది గ్రేట్ హంగర్ గొప్ప నవల, చర్చించండి. ఆ ప్రశ్నలోని చిన్నచూపు ఇప్పటికీ ఆ రంగంలో చెప్పుకుంటారు. ఆమె పుస్తకంలో తప్పులున్నాయి, మొత్తం విధానాన్ని ఒక్క గుమాస్తా మీద మోపడం పెద్ద తప్పు. కానీ ప్రభుత్వం తన పౌరుల్ని ఎలా వదిలేసిందో పండితుల కంటే ముందు సామాన్య పాఠకుడికి చూపించింది ఆమే.

1969 తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో కాల్పులు, బాంబులు మొదలయ్యాక టెన్షన్ ఇంకా పెరిగింది. ఇంగ్లండ్ పాపాలు చెబితే ఆ మాటలు తుపాకీ పట్టినవాళ్లకు పనికొస్తాయని చరిత్రకారులు భయపడ్డారు. 1977లో మూడీ ఐరిష్ చరిత్ర వేరు, ఐరిష్ పుక్కిటి పురాణం వేరు అని ఉపన్యాసం ఇచ్చాడు. జాతీయవాద కథను తిరగరాసే ఈ ధోరణికి రివిజనిజం అని పేరు పడింది. కరువు లేకపోయినా జనాభా తగ్గేదే, అది కొత్త మలుపేమీ కాదు, ఆ కాలపు ఏ ప్రభుత్వమైనా అంతకన్నా చేయగలిగింది లేదు అని రాశారు. 1989లో కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐరిష్ ఫాదర్ బ్రెండన్ బ్రాడ్‌షా అదే ఐరిష్ హిస్టారికల్ స్టడీస్‌లో దీన్ని తిప్పికొట్టాడు. నిష్పక్షపాతం పేరుతో విషాదాన్నే చరిత్రలోంచి తుడిచేస్తున్నారని, ఘోరాన్ని ఘోరంగా చెప్పకపోవడం కూడా పక్షపాతమేనని ఆయన వాదన. అప్పట్లో చాలామంది విరుచుకుపడ్డారు. ఈ విషయంలో నేను బ్రాడ్‌షా పక్షమే. పది లక్షల చావులను తగ్గుస్వరంతో చెప్పడం నిష్పక్షపాతం అనిపించుకోదు, అది కూడా ఒక ఎంపికే.

1995లో 150 ఏళ్లు నిండే నాటికి గాలి మారింది. కాల్పుల విరమణ వచ్చింది, క్రిస్టీన్ కినీలీ, ఓ గ్రాడా, పీటర్ గ్రే, జేమ్స్ డొనెలీ లాంటివాళ్లు కాగితాలు ముందేసుకునే కఠినంగా రాశారు. 1997లో కార్క్ జిల్లా మిల్‌స్ట్రీట్‌లో జరిగిన కరువు స్మారక సభలో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ సందేశం చదివారు: లండన్ నుంచి పాలించినవాళ్లు తమ ప్రజలకు అన్యాయం చేశారు అని దాని సారాంశం. దాదాపు పాతికేళ్ల తర్వాత, 2021లో బయటపెట్టిన ప్రభుత్వ ఫైళ్లలో తేలిందేమిటంటే, ఆయన అందుబాటులో లేకపోతే ఆ వాక్యాలు ఆయన సహాయకులే రాసేసి పంపారు.

కావాలనే చేశారా

మూడో ప్రశ్న అన్నిటికన్నా వేడిగా ఉంటుంది. అమెరికాలో న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాలు 1996లో ఈ కరువును యూదుల ఊచకోతతో పాటు పాఠ్యాంశాల్లోకి తెచ్చాయి. దీన్ని జాతిహననం అనాలన్న డిమాండ్ ఇప్పటికీ అక్కడి ఐరిష్ సంఘాల్లో వినిపిస్తుంది. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. 30 లక్షల మందికి వండి పెట్టిన ప్రభుత్వానికి అందరినీ చంపాలనే ఉద్దేశం ఉందనలేం.

అంతమాత్రాన నిర్దోషులు కారు. ట్రెవెల్యన్ 1848లో అచ్చేసిన రచనలో ఈ కరువు దైవసంకల్పమని, ఐర్లండ్ సమాజంలోని మూల రోగాన్ని బయటపెట్టిందని రాశాడు. చిన్న కమతాల ఐర్లండ్ పోయి, ఇంగ్లండ్ తరహా పెద్ద సాగు రావాలన్నది ఆ వర్గం ఆశ. ఆ మార్పుకు చావులు బాధాకరమైన దారి అని నమ్మినవాడు చావుల్ని ఆపడానికి తొందరపడడు. పీటర్ గ్రే పరిశోధన ప్రధానంగా చూపించింది ఈ మనస్తత్వాన్నే. ఆ కాలంలో అందరూ ఇలాగే ఆలోచించారు అనే సాకు కూడా చెల్లదు. 1849 ఏప్రిల్‌లో ఐర్లండ్ వైస్రాయ్ క్లారెండన్ ప్రధానికి రాసిన ఉత్తరంలో, ఐర్లండ్ పడమట ఉన్నంత బాధను పట్టించుకోని చట్టసభ యూరప్‌లో మరొకటి ఉండదని, ఇది నిర్మూలన విధానమని అన్నాడు. ఆ మాట అన్నది జాతీయవాది కాదు, రాణి ప్రతినిధి. అంతకు కొద్ది వారాల ముందే పేదల చట్టం ప్రధాన కమిషనర్ ఎడ్వర్డ్ ట్విజిల్టన్ ఇలాంటి విధానాన్ని అమలు చేయలేనని రాజీనామా చేశాడు. కరువుకు ఖజానా నుంచి వెళ్లింది కోటి పౌండ్ల దరిదాపు, అందులో చాలా భాగం మొదట అప్పుగా ఇచ్చిందే. 1830ల్లో బానిసల యజమానులకు పరిహారంగా అదే ఖజానా రెండు కోట్లు ఇచ్చింది.

ట్రెవెల్యన్ పేరు మనకూ కొత్తది కాదు. 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు, కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు ఆయన ఏలుబడిలోనివే. కొత్త పన్నులను బహిరంగంగా విమర్శించినందుకు 1860లో వెనక్కి పిలిపించారు. 1876–78 నాటి ధాత కరువులో ఆయన లేడు. కానీ వ్యాపారంలో జోక్యం వద్దు, కష్టమైన పని చేస్తేనే తిండి అనే సూత్రాలు ఉన్నాయి. బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మనిషికి రోజుకు పౌండు ధాన్యం కూలి చాలన్నప్పుడు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో జనం ఎముకల గూళ్లయ్యారు. ఐర్లండ్, భారత్ కరువులను పక్కపక్కన పెట్టి చదివే పరిశోధన ఇప్పుడు బలపడుతోంది. తెలుగు నేల మీది కరువుల గురించి రాసేవాళ్లు ఐరిష్ పరిశోధన తప్పక చూడాలని నా కోరిక.

పక్కింటివాళ్ల సంగతి

ఇంతసేపూ లండన్ ఫైళ్ల గురించే చెప్పాను. అవి ఇంగ్లిష్‌లో ఉన్నాయి. చనిపోయినవాళ్లలో చాలామంది మాట్లాడింది ఐరిష్ భాష. 1851లో మొదటిసారి భాష అడిగితే ఐరిష్ వచ్చినవాళ్లు 15 లక్షల పైచిలుకు, జనంలో నాలుగో వంతు కంటే తక్కువ. కరువు ఘోరంగా ఉన్న పడమటి జిల్లాలే ఆ భాషకు పట్టుకొమ్మలు కాబట్టి కరువుకు ముందు ఇంకా ఎందరో ఉండి ఉండాలి. వాళ్ల మాట వినాలంటే ఐరిష్ జానపద సంఘం సేకరణలు చదవాలి. 1935లో ఏర్పడిన ఆ సంఘం 1937–39 మధ్య సుమారు ఐదు వేల బడుల పిల్లలతో ఇళ్లలోని ముసలివాళ్ల దగ్గర కథలు, జ్ఞాపకాలు రాయించింది. 1945లో కరువు మీద ప్రత్యేకంగా ప్రశ్నావళి పంపింది. పిల్లల నోటు పుస్తకాలు ఇప్పుడు దూకస్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు.

వందేళ్ల తర్వాత చెప్పిన మాటలను సాక్ష్యంగా తీసుకోవచ్చా అని చరిత్రకారులు చాలాకాలం తటపటాయించారు. తేదీలకు, అంకెలకు పనికిరావు, నిజమే. కానీ ఫైళ్లలో లేని విషయాలు అక్కడున్నాయి. అడుగు తలుపు తెరుచుకునే శవపేటిక, ఒకరిని గుంటలో జార్చి ఇంకొకరికి వాడేది. టర్నిప్ దుంపలు దొంగిలించకుండా రాత్రుళ్లు తుపాకీతో కాపలా కాసిన రైతు. చాలా కథల్లో ఒక వాక్యం పదేపదే వస్తుంది: మా ఊళ్లో అంతగా ఎవరూ పోలేదు, పక్క ఊళ్లో పోయారు. అన్ని ఊళ్లూ పక్క ఊరి పేరే చెబితే, దాస్తున్నదేమిటో ఊహించుకోవచ్చు. మా ఇంట్లో ఆకలితో పోయారని చెప్పుకోవడం సిగ్గుగా ఉండేది. దానికంటే చెప్పుకోలేనిది ఇంకోటి ఉంది. పక్కింటివాడు వర్క్‌హౌస్‌కి పోతే వాడి పొలం కలుపుకున్నది ఎవరు?

ఓ గ్రాడా లాంటివాళ్లు గుచ్చి చెప్పేది ఇదే. పోయింది ఎక్కువగా కూలీలు, బొత్తిగా చిన్న కమతాల కౌలుదార్లు. పెద్ద రైతులు చాలావరకు నిలబడ్డారు, కొందరు విస్తరించారు. కరువు తర్వాత చిన్న కమతాల సంఖ్య పడిపోయి, 30 ఎకరాలు దాటినవి పెరిగాయి. ఇవాళ స్మారక సభలో మా పూర్వీకులు అని తలుచుకునేవాళ్లలో చాలామంది అసలు పూర్వీకులు బతికిన పక్షం. వర్క్‌హౌస్‌లను నడిపిన గార్డియన్ల బోర్డుల్లో కూర్చున్నది కూడా స్థానికులే: భూస్వాములు, మోతుబరి రైతులు, దుకాణదారులు. పేదల కోసం పన్ను కట్టాల్సిందీ వాళ్లే కాబట్టి లోపలికి ఎందరిని రానివ్వాలన్నది వాళ్ల జేబుకు సంబంధించిన విషయం. ఆ బోర్డుల మినిట్స్ పుస్తకాలు జిల్లా ఆర్కైవ్‌లలో వారం వారం లెక్కలతో చాలా చోట్ల మిగిలే ఉన్నాయి. వాటిని ఊరూరా చదివి, ఎవరు ఏ తీర్మానానికి ఓటేశారో, ఆ తర్వాత ఏ పొలం ఎవరి పేరుకు మారిందో జతచేసి చూస్తే, లండన్‌ను అడిగిన ప్రశ్నలన్నీ ఐర్లండ్ జిల్లాల్లోనూ అడగాల్సి వస్తుంది.